తొంభై నాలుగో బోర్డు

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి. చదరంగం రానివాళ్లు కూడా చదవొచ్చు, అర్థమయ్యేటట్టే రాస్తున్నాను.

2024 డిసెంబరులో మన గ్రూపులో వారం రోజులు ఒకటే తగువు నడిచింది, గుర్తుందా? సింగపూరులో దొమ్మరాజు గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయిన వారం. 2024 డిసెంబరు 12. పిల్లవాడి వయసు పద్దెనిమిది. పుట్టింది చెన్నైలో, తెలుగు కుటుంబం. ఇంకేముంది, అటు ముఖ్యమంత్రి, ఇటు ముఖ్యమంత్రి మావాడంటే మావాడన్నట్టు అభినందించారు. మన గ్రూపులోనూ రెండు పక్షాలు లేచాయి. నన్ను ఎవరో ట్యాగ్ చేసి "మీరు చెప్పండి సార్, మీరు రెండు వైపుల మనిషి కదా" అన్నారు. నేను జవాబు రాయలేదు. జోలార్‌పేటలో తమిళ మీడియంలో ఎస్సెస్సెల్సీ చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, బెంగుళూరులో ముప్పై ఎనిమిదేళ్లు రైల్వే గుమాస్తాగిరీ చేసినవాడిని. తెలుగు అక్షరాలు యాభై దాటాక మన సంఘం తరగతుల్లో దిద్దుకున్నాను. నేను ఎవరివాడినో ఇంకా తేలలేదు, ఆ కుర్రవాడి సంగతి నేనేం తేల్చేది?

ఆ తగువు మధ్యలో ఆఖరి ఆట గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. పధ్నాలుగో గేమ్. అప్పటికి ఇద్దరికీ ఆరున్నర, ఆరున్నర. గంటలు గడిచేసరికి బల్ల మీద ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో శకటు, గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. చూస్తున్నవాళ్లలో చాలామంది ఇది డ్రాయేనని అనుకున్నారు. సరిగ్గా ఆడితే డ్రాయే. అయినా గుకేశ్ వదల్లేదు. నొక్కుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ లిరెన్ తన ఏనుగును మార్పిడికి పెట్టాడు. ఏనుగులు పోయాయి, వెంటనే శకట్లూ పోయాయి, మిగిలిన బంట్ల లెక్కలో గుకేశ్ గెలిచాడు. మరునాడు మన గ్రూపులో ఒకాయన రాశారు: "డ్రా అయ్యేదాన్ని అంత సేపు సాగదీయడం మర్యాదేనా?" అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. పోయిన మే నెల నుంచి ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. అందుకే ఈ పోస్టు.

ముందు ఏనుగు, శకటు అంటే ఏమిటో చెప్పాలి. ఈ పేర్లతో నాకు చిన్నప్పుడే పెద్ద చిక్కు వచ్చింది. మా తాత నేర్పిన ఆటలో మూలన ఉండేది ఏనుగు, దాని పక్కన గుర్రం, ఆ పక్కన శకటు, నడుమ రాజు, మంత్రి. ఇప్పటి పిల్లలు క్వీన్ అనేదే మా మంత్రి. బలాలన్నింటిలో పెద్దది. స్కూల్లో తమిళ పిల్లలకు మూలన ఉండేది కోట్టై, అంటే కోట. క్వీన్ వాళ్లకు రాణి. మందిరి అంటే వాళ్ల లెక్కలో మన శకటు! ఆరో తరగతిలో ఒకడు నాతో ఆడుతూ "మందిరి పోచ్చు" అని కేక పెట్టాడు. నాకు గుండె జారిపోయింది. చూస్తే పోయింది శకటు. నా మంత్రి మహారాజులా అక్కడే ఉంది. ఆ రోజు నుంచి ఆట మొదలయ్యే ముందు "నీ మందిరి ఎవరు?" అని అడిగి గానీ కూర్చునేవాడిని కాదు.

మా తాత ఆటలో ఇంకా తేడాలు ఉండేవి. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. షా తగలకముందు రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. బంటు ఆ చివరికి చేరితే, అది ఏ నిలువు వరసలో చేరిందో ఆ వరస బలమే అవుతుంది, ఇష్టం వచ్చినది కాదు. మన దేశంలో పాతకాలం ఆట అదే. బయటి రూల్సు స్కూల్లో నేర్చుకున్నాను. ఇంటికొచ్చి రాజును, ఏనుగును కలిపి క్యాజిలింగ్ చేస్తే తాత బల్ల ఎత్తేశాడు, దొంగాట అని.

1981లో సదరన్ రైల్వేలో బెంగుళూరు డివిజన్ ఏర్పడిన ఏడాదే నేను ఉద్యోగంలో చేరాను. 2003లో సౌత్ వెస్టర్న్ రైల్వే వచ్చింది, బోర్డులు మారాయి, మేము ఆ కుర్చీల్లోనే ఉన్నాము. నాది కమర్షియల్ బ్రాంచి. రిఫండు కాగితాలు, వార్ఫేజి కాగితాలు. ఎవరు ఏ క్లెయిము పెట్టినా దాని వెనక రుజువు ఉందా లేదా అని చూడటమే నా బతుకు. రైల్వేకు, చదరంగానికి చుట్టరికం ఉందని మా ఆఫీసులో గొప్పగా చెప్పుకునేవాళ్లం. విశ్వనాథన్ ఆనంద్ నాన్నగారు సదరన్ రైల్వేలో పెద్ద హోదాలో చేశారు. కర్ణాటకకు మొదటి గ్రాండ్‌మాస్టర్, 2017లో, మైసూరు తేజ్‌కుమార్. ఆయన మా సౌత్ వెస్టర్న్ ఉద్యోగి. మేమిద్దరం మాత్రం అలాంటి ఆటగాళ్లం కాదు. మేము భోజన విరామం ఆటగాళ్లం.

మేమిద్దరం అంటే నేను, పార్సెల్ ఆఫీసులో పనిచేసిన ఒక మిత్రుడు. పేరు రాయొద్దన్నాడు. ఊరు చింతామణి కాబట్టి ఆఫీసులో అందరూ చింతామణి అనే పిలిచేవాళ్లు, నేనూ ఇక్కడ అలాగే రాస్తాను. నాకన్నా మూడేళ్లు పెద్ద. కన్నడ మీడియంలో చదివాడు, ఇంట్లో కోలారు వైపు తెలుగు. ఆయనకు శకటు ఒంటె. 1988 నుంచి ఆయన 2016లో రిటైర్ అయ్యేదాకా, సెలవులు, ట్రాన్స్‌ఫర్లు పోనూ, రోజుకు ఒక ఆట. పాత ఫైలు అట్ట వెనక గళ్లు గీసుకున్నాం. తీసిన ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు, కబుర్లు చెప్పుకోవచ్చు, పక్కనవాడు సలహా ఇవ్వొచ్చు. డబ్బా మూత పెట్టేలోపల ఆట కాకపోతే ఎవరిది బాగుంటే వాళ్లు గెలిచినట్టు. రూల్సు లేని ఆట. అన్నేళ్లలో ఎవరు ఎన్ని గెలిచారో లెక్క రాయలేదు. లెక్కలు రాసి జీతం తీసుకునే మనుషులం ఇద్దరం, ఆ ఒక్కటీ రాయలేదు.

రిటైర్ అయ్యాక నేను రేటింగ్ టోర్నమెంట్లు ఆడటం మొదలుపెట్టాను. బెంగుళూరులో ఎండాకాలం సెలవులు వస్తే ఏదో ఒక స్కూలు ఆడిటోరియంలోనో, కల్యాణ మంటపంలోనో టోర్నమెంటు ఉంటుంది. ఆడేవాళ్లలో నూటికి ఎనభై మంది పిల్లలు. నా ముందు కూర్చున్నవాడి కాళ్లు నేలకు అందవు. పదిహేను ఎత్తులు పుస్తకంలో ఉన్నట్టు టకటక ఆడేసి, నీళ్ల సీసా తెచ్చుకోవడానికి పోతాడు. నా రేటింగ్ పోయిన మే నెలకు 1587. అదేమీ గొప్ప కాదు. రైలు భాషలో చెప్పాలంటే ప్యాసింజరు.

చింతామణి ఎప్పుడూ రాలేదు. "పిల్లల చేతిలో తన్నులు తినడానికి డబ్బు కట్టాలా అప్పా?" అనేవాడు. మూడేళ్ల కిందట ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్ అన్నారు. మందులు వాడుతున్నాడు. కాఫీ సగం గ్లాసే పోసుకుంటాడు. పోయిన మార్చిలో ఒక రోజు మా ఇంటికి వచ్చి, టోర్నమెంటు ఫారం ఎలా నింపాలో చూపించమన్నాడు. ఎందుకన్నా ఇప్పుడు, అన్నాను. చాలా సేపు ఏమీ చెప్పలేదు. తర్వాత అన్నాడు: "సర్వీసు రిజిస్టరులో నా పేరుంది. పింఛను కాగితంలో ఉంది. రేషను కార్డులో ఉంది. నేను ఇష్టపడి చేసినదాంట్లో ఎక్కడా లేదప్పా. ఫిడే లిస్టులో ఒక నంబరు పక్కన ఉండాల. చెయ్యి పూర్తిగా పోయేలోపల."

ఆ నంబరు ఎలా వస్తుందో చెప్పకపోతే ఆఖరి ఆట మీకు అర్థం కాదు. రేటింగ్ లేనివాడికి మొదటిసారి నంబరు రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం ఐదు ఆటలు ఆడాలి. ఆ మొదటి టోర్నమెంటులో వాళ్ల మీద కనీసం అర పాయింటు తేవాలి. అన్నీ ఓడితే ఆ టోర్నమెంటు లెక్కలోకే రాదు, ఆడనట్టే. 2024 మార్చి నుంచి ఇంకో కట్టుబాటు కూడా వచ్చింది: లెక్క వేస్తే 1400కు తగ్గితే పేరు లిస్టులో ఎక్కదు. అదే మార్చి నుంచి కొత్తవాళ్లకు కొంచెం ఊరట కూడా ఇచ్చారు. 1800 రేటింగ్ ఉన్న ఇద్దరు లేని మనుషులతో రెండు డ్రాలు చేసినట్టు లెక్కలో కలుపుతారు. లేని మనుషులతో డ్రా అనగానే చింతామణి నవ్విన నవ్వు చూడాల్సింది. "పార్సెల్ ఆఫీసులో ఇట్లా కలిపింటే సస్పెండ్ చేసేవాళ్లు" అన్నాడు.

మే నెలలో ఇద్దరం ఒకే టోర్నమెంటులో చేరాం. తొమ్మిది రౌండ్లు, ఐదు రోజులు. ఒక్కొక్కరికి గంటన్నర, ప్రతి ఎత్తుకూ ముప్పై సెకన్లు అదనం. ఆ ముప్పై సెకన్లు ఉన్నందుకు ఆఖరిదాకా ప్రతి ఎత్తూ కాగితం మీద రాయాల్సిందే, టైము తక్కువైందని మానేయడానికి లేదు. వణికే చేతికి అది రెండో ఆట. మొదటి రోజే ఆర్బిటర్ మర్యాదగా చెప్పారు, బలాలు కదపడానికి, రాయడానికి ఒక సహాయకుడిని పెట్టుకోవచ్చని. రూల్సులో ఆ వీలు ఉంది. చింతామణి వద్దన్నాడు. మోచేయి బల్లకు ఆనించి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, బలాన్ని ఎత్తి పెట్టేవాడు. ఒక్కో ఎత్తుకు ఏడెనిమిది సెకన్లు. నాలుగో రౌండులో ఆయన వేళ్లు గుర్రానికి తగిలాయని ఎదుటివైపు నుంచి టచ్‌మూవ్ అన్నారు. ముట్టిన బలాన్నే ఆడాలి అనేది ఆ రూలు. అయితే ఆడే ఉద్దేశంతో ముట్టుకుంటేనే అది వర్తిస్తుంది. ఆర్బిటర్ ఆ క్లెయిము కొట్టేశారు. ఆ ఆట చింతామణి ఓడాడు.

ఎనిమిది రౌండ్లు అయ్యేసరికి ఆయన లెక్క ఇది. రేటింగ్ ఉన్న ఐదుగురితో ఐదు ఓటములు. రేటింగ్ లేని ఇద్దరు పిల్లల మీద రెండు గెలుపులు. ఒక రౌండులో జోడీ దొరక్క ఊరికే వచ్చిన పాయింటు. మొత్తం మూడు. నాదీ మూడే. ఆఖరి రోజు పొద్దున గోడ మీద జోడీల కాగితం అంటించారు. తొంభై నాలుగో బోర్డు, తెల్లవి నావి, నల్లవి చింతామణివి.

నేను అక్కడే నిలబడి లెక్క వేశాను. అలవాటు. ఆయన నాతో డ్రా చేస్తే రేటింగ్ ఉన్న ఆరుగురితో అర పాయింటు. ఓడితే సున్న, ఐదు రోజులూ లేనట్టే. నాకేముంది? రేటింగ్ లేని మనిషితో ఆడితే నా నంబరు ఒక్క పాయింటు పెరగదు, తగ్గదు. ఒకటే ఉంది: అరవై దాటినవాళ్లకు పెట్టిన మూడు బహుమతుల్లో మూడోది, గెలిస్తే నాకు రావచ్చు. చిన్న కప్పు. కావాలనే అనిపించింది, అబద్ధం ఎందుకు.

కాగితం ముందు నుంచి తిరిగేసరికి ఆయన వెనకే ఉన్నాడు. నా మొహంలో లెక్క కనిపించినట్టుంది. "ఏమప్పా, ఇస్తావా?" అన్నాడు.

"ఏమి?"

"తెలీనట్టు అడగొద్దు. ఇచ్చినావంటే ఇంక నీ ఇంట్లో కాఫీ తాగను. చూసుకో."

అంతే. చిత్రాన్నం డబ్బాలు సంచిలో పెట్టుకుని లోపలికి పోయాం.

మొదటి ముప్పై ఎత్తులు చెప్పుకోదగ్గవి కావు. మంత్రి ముందరి బంటుతో మొదలుపెట్టాను, ఆయన ఎప్పుడూ ఆడేదే ఆడాడు. కానీ ఆ నిశ్శబ్దం నాకు కొత్త. ఇరవై ఎనిమిదేళ్లు ఈ మనిషితో మాటలు లేకుండా ఒక్క ఆట ఆడలేదు. ఆయనకు మంచి ఎత్తు కనిపిస్తే కళ్లజోడు తీసి చొక్కాకు తుడుస్తాడు, ఆఫీసులో అందరికీ తెలుసు. కళ్లజోడు తీశాడంటే నా గుర్రమో మంత్రో పోయినట్టే. ఇక్కడ తీయలేదు. వణికే చేత్తో కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకోవడం పెద్ద పని. అందువల్ల ఆయనకు ఏం కనిపిస్తోందో నాకు తెలియడం లేదు. మొదటిసారి ఆయనతో నిజంగా తెలియని మనిషితో ఆడినట్టు ఆడాను.

ముప్పై ఒకటో ఎత్తులో ఒక బంటు గెలిచాను. మంత్రులు పోయాయి, గుర్రాలు పోయాయి. నలభై దాటేసరికి ఇద్దరికీ ఒక్కో ఏనుగు, నాకు ఒకే ఒక బంటు, ఆయనకు ఏమీ లేదు. ఆయన రాజు నా బంటుకు ఎదురుగా, చివరి గడిలో కూర్చుని ఉన్నాడు. నా టైము ఇరవై నిమిషాలు, ఆయనది మూడు.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలి. ఈ స్థితికి ఫిలిడోర్ అనే పేరుంది. 18వ శతాబ్దంలో ఫ్రాన్సు సంగీతకారుడు ఒకడు, చదరంగంలోనూ అప్పట్లో మొనగాడు, దీన్ని తేల్చి చెప్పాడు. బంటు లేనివాడు తన ఏనుగును తన వైపు నుంచి మూడో అడ్డ వరసలో నిలబెట్టాలి. అక్కడ ఉంటే ఎదుటి రాజు ముందుకు రాలేడు. ఏనుగును ఆ వరసలోనే అటూ ఇటూ జరుపుతూ ఓపిక పట్టాలి. ఎప్పుడైతే బంటు ఆ వరసలోకి అడుగు పెడుతుందో, ఆ ఒక్క క్షణాన ఏనుగు ఆ చివరికి, ఎదుటివాడి గట్టుకు పరుగెత్తాలి. అక్కడి నుంచి వెనక నుంచి షా మీద షా. బంటు ముందుకు వెళ్లిపోయింది కాబట్టి రాజుకు దాక్కోవడానికి నీడ లేదు. డ్రా. ఒక్క ఎత్తు ముందు పరుగెత్తినా, ఒక్క ఎత్తు ఆలస్యమైనా ఓటమికి దారి పడొచ్చు. ఇది చింతామణికి తెలుసు. అవెన్యూ రోడ్డులో కొన్న పాత పుస్తకంలోంచి మా ఇద్దరికీ జిరాక్సు తీసినవాడు ఆయనే. కానీ డబ్బా మూత పెట్టేలోపల ఆడే ఆటల్లో ఎప్పుడూ అంత దూరం రాలేదు మేము. ఇద్దరం దాన్ని బల్ల మీద ఆడటం అదే మొదలు.

నేను డ్రా అడగలేదు. ఏనుగును ఆ మూలకు, ఈ మూలకు తిప్పాను. ఆయన మూడో వరస వదిలితే గెలుపుకు దారి పడొచ్చు. ఆయన వదల్లేదు. పది ఎత్తులు, పదిహేను. ఒకసారి ఆయన చెయ్యి జారి రాజు, ఏనుగు రెండూ పడ్డాయి. పడేసినవాడే తన టైములో సర్దాలి, అది రూలు. నా చెయ్యి దానంతట అది ముందుకు వెళ్లింది, పార్సెల్ పడబోతే పట్టుకున్నట్టు. ఆయన తల ఎత్తి చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన రెండింటినీ ఎత్తి, సరైన గళ్లలో నిలబెట్టి, గడియారం నొక్కేసరికి నిమిషం పైనే పోయింది.

అప్పటికి హాలు సగం ఖాళీ. ఆటలు ముగిసిన పిల్లలు, తల్లిదండ్రులు తాడు అవతల చేరారు. నీళ్లకు లేచి వెళ్తుంటే ఒకామె కన్నడంలో పక్కావిడతో అంటోంది, నాకు వినపడాలనే: "పాప, ఆ పెద్దాయనకు డ్రా కొట్టేయొచ్చు కదా ఈయన." అక్కడ నాకు గుర్తొచ్చింది డిసెంబరు నాటి మన గ్రూపు ప్రశ్న, మర్యాదేనా అని. సింగపూరులో ఆ కుర్రవాడికి కోట్ల బహుమతి ఉంది, దేశం ఉంది. నాకు చిన్న కప్పు ఉంది, అదీ రావచ్చు అన్నంతే. ఆమెకు ఏమని చెప్పేది? నేను ఇస్తే ఆయనకు నంబరు వస్తుంది, ఆ నంబరు నేను రాసిచ్చిన రసీదు అవుతుంది. ఆయన తీసుకోడు. తీసుకుంటే అది ఆయన కాదు. నీళ్లు తాగి వచ్చి కూర్చున్నాను. మళ్లీ ఏనుగును కదిపాను.

అప్పుడు ఒక సంగతి గమనించాను. ఇది చెప్పడానికే ఇంత రాశాను అనుకోండి. ఆయన ఏనుగు మూడో వరసలో అటూ ఇటూ తిరుగుతోంది, కానీ వీలున్నప్పుడల్లా మళ్లీ ఎడమ అంచుకే వచ్చి ఆగుతోంది. ఎందుకో నాకు పట్టలేదు. ఆటకు దాంతో పని లేదు, ఇంకో నిలువు వరసలో ఉన్నా అదే డ్రా. అలవాటేమో అనుకున్నాను.

ఇంక మిగిలింది ఒకటే, బంటును ముందుకు తోశాను. ఆయన ఏనుగు ఇప్పుడు పరుగెత్తాలి. తన వైపు నుంచి నా గట్టుదాకా, ఐదు గళ్ల దూరం. చెయ్యి చాచి, బల్ల మీదుగా, ఎత్తి, నా ముందు గడిలో పెట్టాలి. ఆయన టైము నలభై సెకన్లు. మోచేయి ఆనించడానికి అంత దూరం అందదు. నాకు గుండె దడదడలాడింది, నేను ఆయన ఎదుటి మనిషిని అన్నది మరిచిపోయాను.

ఆయన ఎత్తలేదు. వేలు ఏనుగు వెనక పెట్టి తోశాడు. అంచు నిలువు వరస అంతా ఖాళీ. అడ్డం పడటానికి, పడిపోవడానికి ఒక్క బలం లేదు. పార్సెల్ ఆఫీసులో ట్రాలీని ప్లాట్‌ఫారం అంచున తోసినట్టు, వేలు వణుకుతూనే, ఏనుగు గీత మీద కొంచెం వంకరగా, ఆగి, మళ్లీ కదిలి, నా గట్టు చేరింది. గడి మధ్యలోకి సర్ది గడియారం నొక్కాడు. పదకొండు సెకన్లు మిగిలాయి, ముప్పై కలిశాయి. ఇరవై ఎత్తుల నుంచీ ఆ ఏనుగు అంచుకు ఎందుకు వచ్చి ఆగుతోందో అప్పుడు తెలిసింది నాకు. ఆయన తన చేతికి దారి ఖాళీ చేసుకుంటున్నాడు.

తర్వాత షాలు. నా రాజు పక్కకు, కిందకు, మళ్లీ పైకి. కిందకు మరీ దిగితే బంటు పోతుంది, కాబట్టి తిరిగిన గళ్లలోనే తిరిగాను. ప్రతి షాకూ ఏనుగును నా గట్టు మీదనే జరిపాడు, ఎత్తకుండా. అదే స్థితి మూడోసారి వచ్చింది. నా కాగితంలో నాకు కనిపిస్తోంది. ఆయన లెక్క పెట్టుకుంటున్నాడా లేదా అన్నది ఆయన పని.

గడియారం ఆపి, చెయ్యి ఎత్తాడు. ఆర్బిటర్ వచ్చారు. "మూడు సార్లు" అన్నాడు చింతామణి. గొంతు కూడా వణికింది.

ఆర్బిటర్ ఆయన స్కోరుషీటు తీసుకుని చూశారు. తిప్పి చూశారు. మొదటి పది ఎత్తులు చదవొచ్చు. ఆ కింద గీతలు, చీమలు పాకినట్టు. ఆర్బిటర్ ఏమీ అనలేదు, నా కాగితం కోసం చెయ్యి చాపారు. ఇచ్చాను. ఒకే ఇంకు, ఒకే కొలత అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ముప్పై ఎనిమిదేళ్లు గవర్నమెంటు లెడ్జర్లు రాసిన చెయ్యి. దాన్ని పక్క బోర్డు మీద పెట్టుకుని ఎత్తు ఎత్తూ కదిపి చూశారు. సర్వీసులో ఎన్ని క్లెయిములు రుజువు లేవని తిప్పి పంపానో లెక్క లేదు. ఈ ఒక్క క్లెయిముకు రుజువు నా దగ్గరే ఉంది. ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాలూ మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"డ్రా" అన్నారు.

చేతులు కలిపాం. ఆయన చెయ్యి నా చేతిలో వణుకుతోంది. నాది కూడా వణికిందని తర్వాత మా ఆవిడతో చెప్పాడట. రెండు కాగితాల మీదా ఇద్దరం సంతకాలు చేశాం. ఆయన సంతకానికి పొద్దుపోయింది, ఎవరూ తొందర పెట్టలేదు. తాడు అవతల ఉన్న ఆ కన్నడామె చప్పట్లు కొట్టబోయి, ఆర్బిటర్ చూడగానే ఆగిపోయింది. కప్పు ఇంకెవరికో వెళ్లింది.

ఆటోలో మెజెస్టిక్ దాకా వచ్చాం. దారి పొడుగునా ఆ ముప్పై ఒకటో ఎత్తు గురించే మాట్లాడాడు, బంటు ఎలా పోయిందని. డ్రా గురించి ఒక్క మాట లేదు. నేను లెక్క చెప్పబోయాను: ఆరుగురి సగటు 1620, లేని మనుషులు ఇద్దరిని కలిపితే 1665, ఎనిమిదింటికి ఒకటిన్నర వచ్చింది కాబట్టి 251 తీసేయాలి... "లిస్టు రానీ అప్పా" అన్నాడు. "గుమాస్తా లెక్కలు నాకు చెప్పొద్దు, నేనూ గుమాస్తానే."

ఫిడే లిస్టు ప్రతి నెలా ఒకటో తేదీన వస్తుంది. జూన్ ఒకటి ఆదివారం. పొద్దున ఆరున్నరకు ఫోను.

"వెయ్యి నాలుగు వందల పద్నాలుగు" అన్నాడు. పలకరింపు కూడా లేదు.

"నేనూ చూశానన్నా."

"నీదెంత ఇప్పుడు?"

"1579. ఎనిమిది తగ్గింది."

అటు నుంచి కొంచెం సేపు ఏమీ వినపడలేదు. తీసివేత చేస్తున్నాడని తెలుసు.

"నూట అరవై అయిదు తేడా" అన్నాడు. "మధ్యాహ్నం వస్తా. బల్ల వెయ్యి. కాఫీ సగం గ్లాసే."